మాస్టారు ఎవరివారు

నవంబర్ 4

ఈ ఉదయం తొమ్మిదీ ఇరవైకి మా ఇంట్లోకి ఒక చీపురుపుల్ల నాలుగు కాళ్ల మీద నడిచి వచ్చింది.

దాన్ని విప్పెట్ జాతి కుక్కపిల్ల అంటారట. నాకు కాబోయే బావ అక్కకి ఇచ్చిన కానుక. పెళ్లికి ఇంకా ఆరు వారాలుంది. ఈలోపు ఈ ఇంట్లో తన తరఫున ఒక ప్రతినిధి ఉండాలని ఆ మహానుభావుడు అనుకున్నట్టున్నాడు. నాలుగు నెలల ఆడపిల్ల. బూడిదరంగు. పక్కటెముకలు ఎన్నో తెలుసుకోవడానికి ఎక్స్‌రే అక్కర్లేదు, ట్యూబ్‌లైటు చాలు.

“దీనికి మీ ఆయన తిండి పెట్టలేదా?” అన్నాను.

“ఇంకా మా ఆయన కాలేదు. ఈ జాతి ఇంతేరా. మన మాస్టారు మాత్రం ఏమైనా లావా?” అంది అక్క.

ఆ పోలిక నాకు నచ్చలేదు. మాస్టారు గ్రేహౌండ్. ముప్పై కిలోల గాంభీర్యం. మూడేళ్లు పందేల్లో పరిగెత్తి రిటైరైన ఆయన్ని ఏడాదిన్నర క్రితం అక్కా నేనూ కలిసి తెచ్చుకున్నాం. క్లాసంతా తప్పిందని తెలిసినా ఎవర్నీ తిట్టకుండా కళ్లజోడు తుడుచుకునే మనిషి ముఖం ఆయనది. అందుకే ఆ పేరు. చిన్నదానికి పుల్ల అని నేనే పేరు పెట్టాను. అవమానంగా ఉంటుందనుకున్నాను. అక్క “భలే ముద్దుగా ఉందిరా!” అని ఖాయం చేసేసింది.

పుల్ల వచ్చీ రాగానే మాస్టారి తోక మీద కూర్చుంది. మాస్టారు గోడ వైపు చూశారు. దాని మీద ఒక్క చూపు కూడా ఖర్చు పెట్టలేదు. అదీ మా మాస్టారంటే.

నవంబర్ 5

నాకేమీ అసూయ లేదు. ముందు ముందు నాకే అనుమానం వస్తే చూసుకోవడానికి ఇక్కడ రాసి పెడుతున్నాను.

నవంబర్ 7

ఒప్పందం కుదిరింది.

“పెళ్లయ్యాక పుల్ల నాతో వస్తుంది. మాస్టారు నీ దగ్గరే ఉంటాడు. మాట. సరేనా? ఇక ఆ ముఖం మార్చు,” అంది అక్క, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

గుండుసూదుల మధ్య నుంచి వచ్చినా మాట మాటే. అక్క సన్న కుక్కలకి చలికోట్లు కుడుతుంది. నవ్వాల్సిన పనేమీ కాదు. వీటి ఒంటి మీద కొవ్వుండదు, బొచ్చు ఉండీ లేనట్టుంటుంది, కాస్త చలిగాలికే వణికిపోతాయి. ఛాతీ బిందెలా, నడుము గ్లాసులా ఉంటుంది కాబట్టి దుకాణంలో దొరికే ఏ కోటూ పట్టదు. ఊళ్లో ఇలాంటి కుక్కలున్న పదిహేడు ఇళ్లవాళ్లూ అక్క దగ్గరికే వస్తారు. బావ దొరికింది కూడా అలాగే. తన కుక్కకి కుట్టిన కోటు ఇంకా వదులుగా ఉందంటూ నాలుగుసార్లు వచ్చాడు. ఆ కుక్క నాలుగుసార్లూ ఒకే లావు ఉంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మాస్టారు నావారు అనడానికి ఆధారాలున్నాయి. కాలేజీ అయ్యాక ఎనిమిది నెలలు నాకు ఉద్యోగం లేదు. ఎదురుపడ్డ ప్రతివాళ్లూ “ఏం చేస్తున్నావ్ బాబూ?” అనేవాళ్లు. ఆ ప్రశ్న వేయని ఏకైక ప్రాణి మాస్టారు. పందేల్లో పెరిగిన కుక్క కాబట్టి ఆయనకి మెట్లంటే ఏమిటో తెలియదు. మాది రెండో అంతస్తు, ముప్పై నాలుగు మెట్లు. మెట్టుకో గుడ్డు ముక్క పెట్టి పదకొండు రోజుల్లో ఎక్కడం నేర్పాను. దిగడం మాత్రం రాలేదు. పై మెట్టు మీద నిలబడి, కింద నుయ్యి ఉన్నట్టు చూస్తారు. అందుకని రోజుకి రెండుసార్లు నేనే ఎత్తుకుని దింపుతాను. నా భుజం మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంటారు. ఆ ముప్పై నాలుగు మెట్లూ దిగేంతసేపు ఆయన లోకంలో నేను తప్ప ఇంకెవరూ ఉండరు.

నవంబర్ 9

తలనొప్పిగా ఉందన్నాను. “డబ్బాలో మాత్రలున్నాయి, చూసుకో,” అంది అక్క.

పుల్ల ఒక్కసారి తుమ్మింది. దానికి సాయంత్రానికల్లా ఉన్నికోటు తయారైంది. రెండు జేబులతో. కుక్కకి జేబులెందుకు?

నవంబర్ 10

బావ వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. ఇంట్లోకి వచ్చేటప్పుడు కూడా గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగి, అందరూ ఎక్కారా అన్నట్టు వెనక్కి చూసుకుంటాడు. వెంట వాళ్ల సలూకీ జాతి కుక్క. దానికి చెవుల నిండా జడలు విప్పుకున్నట్టు వెంట్రుకలు. పేరు మహారాణి. మా సోఫా ఎక్కి, మమ్మల్నందరినీ పనివాళ్ల కింద జమకట్టి పడుకుంది.

“ఏం బామ్మర్దీ, పుల్లతో స్నేహం కుదిరిందా?”

“దానికి నా స్థాయి అందడం లేదు బావా.”

“అందదు మరి. నువ్వే కాస్త వంగాలి.” పుల్లని ఒళ్లోకి తీసుకుని పాఠం మొదలుపెట్టాడు. “చూడు, ఇవి ముక్కుతో వేటాడేవి కాదు, కళ్లతో. ఏదైనా కదులుతూ కనపడిందా, ఇక చెవులు పనిచేయవు. నువ్వు గొంతు చించుకున్నా వినపడదు. ఈ మెడ చూశావా? తల కంటే మెడే లావు. మామూలు పట్టీ వేశావనుకో, వెనక్కి ఒక్క గుంజు గుంజితే తల బయటికొచ్చేస్తుంది. అందుకే ఇది తెచ్చా. లాగితే బిగుసుకుంటుంది. ఇది లేకుండా గుమ్మం దాటించొద్దు.”

తలుపు పక్క మేకుకి తగిలించాడు. ఎర్రది.

“తెలుసు బావా. మాస్టారికీ ఇలాంటిదే,” అన్నాను.

“తెలిస్తే మంచిదే. రెండుసార్లు తెలిస్తే ఇంకా మంచిది.”

అక్క నవ్వింది. అంత నవ్వే మాట కాదు. అంతకంటే మంచివి నేను రోజుకి ఆరు చెబుతాను.

నవంబర్ 12

అమ్మ ఫోన్ చేసింది. మొదటి ప్రశ్న: “పుల్ల తిన్నదా?”

నవంబర్ 13

పొద్దున లేచేసరికి నా మంచం కాళ్ల వైపు ఖాళీగా ఉంది. ఏడాదిన్నరగా ఆ చోటు మాస్టారిది. రోజూ లేవగానే నా కాళ్లకి తిమ్మిరి ఉంటుంది. ఇవాళ లేదు.

అక్క కుట్టు గదిలో, కత్తిరింపు ముక్కల గుట్ట మీద ఉన్నారు. వెల్లకిలా, నాలుగు కాళ్లూ గాల్లో పెట్టి, తిరగేసిన స్టూలులా. ఆ కాళ్ల మధ్య పుల్ల.

వేడి కోసం వెళ్లి ఉంటారు. ఉన్నిముక్కలు కదా.

నవంబర్ 15

ఏం రాయాలో తెలియడం లేదు.

ఆఫీసుకి బయల్దేరే ముందు మామూలుగా మాస్టారిని ఎత్తుకోవడానికి వంగాను. పుల్ల నా కాళ్ల మధ్య నుంచి దూరి టపటపా దిగిపోయింది. మొదటి మలుపులో ఆగి, పైకి చూసి, ‘వూఫ్’ కూడా కాదు, అందులో సగం అన్నది.

మాస్టారు నన్ను చూశారు. దాన్ని చూశారు. దిగారు.

పదకొండు రోజులు గుడ్డుముక్కలు పెట్టినవాణ్ణి. ఏడాదిన్నరగా నడుం విరగ్గొట్టుకుంటున్నవాణ్ణి. ముప్పై నాలుగు మెట్లు! చివరి రెండూ ఒక్క దూకు! కింద పుల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం. నేను పై మెట్టు మీద, ఏమీ లేని చేతులు చాపి, వంగినవాణ్ణి వంగినట్టే ఉన్నాను. ఎదురింటావిడ పాలప్యాకెట్లతో పైకి వస్తూ “వ్యాయామమా బాబూ?” అంది.

అవునన్నాను.

నవంబర్ 16

నడుంనొప్పి తగ్గింది. అది కూడా నచ్చడం లేదు.

నవంబర్ 19

శాస్త్రీయ ప్రయోగం. అక్క కోట్ల కొలతలకి వెళ్లింది. నాకు వారపు సెలవు. పుల్లని కుట్టు గదిలో పెట్టి తలుపు వేశాను. నీళ్లు, పక్క, బొమ్మ అన్నీ పెట్టాను. నేనేమీ రాక్షసుణ్ణి కాదు. హాల్లో మాస్టారూ నేనూ. ఉడికించిన కోడిమాంసం. పాత రోజుల్లా.

మాస్టారు వెళ్లి ఆ తలుపు ముందు నిలబడ్డారు. ముక్కు తలుపుకి అంగుళం దూరం. మాంసం ముక్క ముక్కు కింద పెట్టాను. నా మర్యాద కోసం అన్నట్టు ఒకసారి వాసన చూశారు. మళ్లీ తలుపు. గంటా నలభై నిమిషాలు అలాగే. ఈ కుక్కలు నిలబడటం కంటే పడుకోవడమే వృత్తిగా పెట్టుకున్నవి. చివరికి ఆయన వెనక కాళ్లు వణుకుతున్నాయి.

లిఫ్టుల కంపెనీలో నా ఉద్యోగం ఏమిటంటే, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చేదాకా వాళ్లకి ధైర్యం చెప్పడం. “తలుపు తెరుచుకుంటుందండీ, నేను లైన్లోనే ఉన్నాను,” అని రోజుకి ఇరవైసార్లు అంటాను. ఇవాళ ఆ మాట అనలేదు. లేచి తలుపు తీశాను.

ప్రయోగ ఫలితం: కోడిమాంసం నేనే తిన్నాను.

నవంబర్ 22

“వీళ్లిద్దర్నీ విడదీస్తే ఎలారా?” అంది అక్క. మిషను ఆపకుండానే అంది.

“మాటిచ్చావ్.”

“ఇచ్చాను. కాదన్నానా? ఆలోచిస్తున్నాను.”

“మాటిచ్చాక ఆలోచించకూడదక్కా. ముందే ఆలోచించాలి.”

“నీకు వాడు కావాలా, వాడు నీ దగ్గర ఉన్నాడని చెప్పుకోవడం కావాలా?”

దీనికి నా దగ్గర బ్రహ్మాండమైన జవాబు ఉంది. ఇంకా తట్టలేదు.

నవంబర్ 23

అధికారిక నివేదిక.

అక్క కొలతలకి వెళ్లింది. మాస్టారు నిద్రలో ఉన్నారు. కావున పుల్లని ఒక్కదాన్నే ఆటస్థలం వైపు తీసుకువెళ్లడమైనది. తొందరలో చేతికి అందిన పాత తోలుపట్టీ వేయడమైనది. ఆటస్థలం నడిమధ్యన ఒక ప్లాస్టిక్ సంచి గాలికి లేచింది. పుల్ల ఒకడుగు వెనక్కి వేసి తల గుంజింది. పట్టీ నా చేతిలో, పుల్ల సంచి వెనక. దానికి అయిదు నెలలు కూడా నిండలేదు. అంత వేగంగా మా ఆఫీసులో వదంతి కూడా వెళ్లదు. అవతలి గేటు తెరిచి ఉంది. గేటు బయట పెద్ద రోడ్డు.

అప్పుడు నేను వెనక్కి తిరిగి పరిగెత్తాను. పారిపోయే కుక్క వెంట మనం పడకూడదు. పడితే అదొక ఆటనుకుని ఇంకా దూరం పోతుంది. మనమే దూరంగా పరిగెత్తాలి. అప్పుడు దాని కంటికి మనమే వేట అవుతాం. ఈ జాతి విషయంలో ఇది తెలిసినవాళ్లకే తెలుసు. పుల్ల తిరిగి వచ్చి వెనక నుంచి నా మోకాళ్లని గుద్దింది. నేను బోర్లా పడ్డాను. చేతులు కొట్టుకుపోయాయి. పుల్ల క్షేమం.

ఆటస్థలం కాపలా తాత అంతా చూశాడు. ఇంటిదాకా వచ్చి అక్కతో చెప్పాడు. “ఇంకొకడైతే దాని వెనకాల పడేవాడమ్మా! మీ తమ్ముడు చూడండీ, చటుక్కున ఇటు తిరిగి లగెత్తాడు! ఏం బుర్రమ్మా!”

అక్క నా చేతులకి మందు రాసింది. రాస్తూ ఏడ్చింది.

నవంబర్ 24

బావ మహారాణితో సహా వచ్చి నాకు షేక్‌హ్యాండిచ్చాడు. చేతికి కట్టు ఉంది కాబట్టి మోచేతికి ఇచ్చాడు.

“పట్టీ సంగతి తర్వాత తిడతాను. కానీ బామ్మర్దీ, ఆ క్షణంలో ఆ తెలివి రావడం మామూలు విషయం కాదు. పదేళ్లుగా వీటితో ఉన్నాను. అయినా నేను వెంటపడి పరిగెత్తేవాణ్ణి.”

“ఏదోలే బావా,” అన్నాను, వినయంగా.

అప్పుడు అక్క అంది: “నేనొకటి నిర్ణయించాను. వీళ్లిద్దర్నీ విడదీయను. ఇద్దర్నీ నువ్వే ఉంచుకో. మాస్టార్నీ, పుల్లనీ. నీ దగ్గరే క్షేమంగా ఉంటారు.”

బావ తల ఊపాడు. తను ఇచ్చిన కానుకే కదా, ముఖం కొంచెం చిన్నబోయింది. అయినా ఊపాడు.

గెలిచాను.

నవంబర్ 25

ఎర్ర పట్టీ మేకుకే ఉంది. ఇవాళ తలుపు తీస్తుంటే చేతికి తగిలింది.

నవంబర్ 28

పుల్ల ఇప్పుడు నా వెంటే తిరుగుతోంది. నేను వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి. స్నానానికి వెళ్తే తలుపు బయట. కూర్చుంటే నా పాదం మీద గడ్డం. దాని వెనక మాస్టారు. ఇన్నాళ్లకి ఇద్దరూ నా గదిలోనే పడుకుంటున్నారు. పొద్దున్నే కాళ్లకి తిమ్మిరి.

ఆఫీసులో ఒకావిడ లిఫ్టులోంచి అడిగింది: “మీరు పెట్టేసి వెళ్లిపోరు కదా?”

లేదండీ అన్నాను. ఆ కాల్ అయ్యాక స్వెట్టరు వేసుకున్నాను. చలి.

నవంబర్ 30

జోకులు రావడం లేదు.

డిసెంబర్ 2

నివేదికకి సవరణ.

వెంటపడకూడదన్న సంగతి నాకు తెలియదు. అదంతా ఆ సాయంత్రం బావ ఫోన్లో అక్కకి వివరిస్తుంటే పక్క నుంచి విన్నాను. విని, ఈ పుస్తకంలో రాశాను. నాకు నేనే అబద్ధం రాసి పెట్టుకున్నాను. అంత ఖర్మేమిటో.

జరిగింది ఇది. పుల్ల గేటు వైపు పోతోంది. నేను ఒక్కసారి కూడా పిలవలేదు. పోనీ అనుకున్నాను. అనుకుని వెనక్కి తిరిగాను. నడుస్తూ అక్కకి చెప్పాల్సిన మాటలు వరస చేసుకున్నాను: “పట్టీ జారిందక్కా, ఎంత వెతికానో.” ఆ ‘ఎంత వెతికానో’ దగ్గర గొంతు కాస్త వణకాలని కూడా అనుకున్నాను. అంతలో అవతల రోడ్డు మీద ఏదో బండి గట్టిగా హారన్ కొట్టింది. తిరిగి చూడలేకపోయాను. ఆ చప్పుడు వినపడనంత దూరం వెళ్లాలని పరిగెత్తాను. ఇంటి వైపు. ఒంటరిగా.

అది నా వెనకే వచ్చింది. నేను దాన్ని వదిలేసి వెళ్తుంటే, నన్ను పట్టుకోవాలని వచ్చింది.

ఎర్ర పట్టీ మేకుకి ఉండటం ఆ రోజు కూడా చూశాను.

డిసెంబర్ 3

చెప్పేశాను. అక్క పెళ్లిబట్టలకి అంచు కుట్టుకుంటోంది. నేను స్టూలు మీద కూర్చుని, పై పేజీలో రాసిందంతా, హారన్ దాకా, చెప్పాను. మధ్యలో ఎక్కడా నవ్వించడానికి ప్రయత్నించలేదు.

మిషను ఆగింది.

“పట్టీ కావాలనే మార్చావా?”

“తెలీదు.”

“తెలుసు.”

“... ఆఁ.”

“చచ్చిపోయేదిరా.”

“ఆఁ.”

అక్క దారం తెంపింది. “మరి ఇప్పుడెందుకు చెబుతున్నావ్? ఇద్దరూ నీకే అన్నాను కదా. నోరు మూసుకుని ఉంచుకోవచ్చుగా.”

“నా దగ్గర క్షేమంగా ఉంటారని అన్నావ్. అలా అనుకునే ఇస్తున్నావ్. ఇద్దర్నీ తీసుకెళ్లిపో అక్కా.”

“మాస్టార్ని కూడానా?”

“ఆయన దాన్ని వదిలి ఉండలేరు.” అక్క ముందు మాస్టారిని ‘ఆయన’ అంటే ఎప్పుడూ నవ్వేది. నవ్వలేదు. “పుల్ల వచ్చిన రోజు నుంచీ నాకు ఒళ్లు మండుతోంది. మాస్టారు పోతున్నారని. నువ్వు...”

“నేనేంటి?”

“నువ్వు కూడా పోతున్నావ్ కదా.”

అక్క లేచి పుల్లని ఎత్తుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మాస్టారు వెళ్లి ఆ తలుపు ముందు నిలబడ్డారు. ఒక్క నిమిషంలో తలుపు తెరుచుకుంది. ఆయన్ని లోపలికి తీసుకుని మళ్లీ మూసుకుంది.

డిసెంబర్ 6

అక్క మాట్లాడటం లేదు. “ఉప్పు” అంది ఒకసారి. అందించాను.

డిసెంబర్ 9

బావ ఆఫీసు బయట కనపడ్డాడు. అక్క చెప్పినట్టుంది. నన్ను తిడతాడనుకుని కొన్ని జవాబులు సిద్ధం చేసుకున్నాను.

“నేనైతే చెప్పి ఉండేవాణ్ణి కాదు,” అన్నాడు. మళ్లీ, “అలాగని నీ మీద కోపం లేదనుకోకు,” అన్నాడు. బస్సు ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపాడు. దారిలో ఇంకేం మాట్లాడలేదు. డ్రైవరుతో మాట్లాడరాదని అక్కడ బోర్డు కూడా ఉంది.

డిసెంబర్ 15

సంతకాల పెళ్లి. పదిహేను నిమిషాలు. సాక్షిగా నేను సంతకం చేశాను. నా పేరు వేరేవాడి పేరులా వచ్చింది.

సాయంత్రం సామాను వ్యానులో ఎక్కించాం. మిషను, గుడ్డల మూటలు, మహారాణి పక్కన పుల్ల. పుల్ల ఎక్కింది కాబట్టి మాస్టారు ఎక్కారు. వెనక్కి తిరిగి చూడలేదు. వీళ్లది కళ్లతో బతికే జాతి కదా, చూడాల్సింది ముందే కూర్చుని ఉంది.

డిసెంబర్ 16

ఇల్లు శుభ్రంగా ఉంది. చాలా శుభ్రంగా.

డిసెంబర్ 22

ఆదివారం. అమ్మ ఫోన్లో “వెళ్లరా, అక్క ఏమీ అనదు” అంటే వెళ్లాను. గేటు, చిన్న వాకిలి, మెట్లు లేని ఇల్లు. మాస్టారు ఎండలో పడుకుని ఉన్నారు, నీలం కోటులో. నన్ను చూసి తోకతో నేలని రెండుసార్లు కొట్టారు. లేవలేదు. లేస్తారేమోనని చాలాసేపు చెప్పులు విప్పుతూనే ఉన్నాను. పుల్ల మాత్రం నా మీదికి ఎగిరి గడ్డం గీరేసింది. ఆ దెబ్బకి నేను అర్హుణ్ణే.

బావ టీ ఇచ్చాడు. అక్క లోపలే ఉంది. మిషను చప్పుడు. టీ అయిపోయింది. ఇక లేద్దామనుకుంటుంటే చప్పుడు ఆగి అక్క బయటికి వచ్చింది, ఎర్ర పట్టీతో.

“పుల్లని తిప్పాలి,” అంది. “తీసుకెళ్లు.”

నేను బావ వైపు చూశాను. “నువ్వు కూడా రా బావా.”

“ఆయన రాడు. నువ్వే. ఒక్కడివే.”

పట్టీ తనే వేసింది. తాడు నా అరచేతికి రెండు చుట్లు తిప్పి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి పెట్టింది. నా ముఖంలోకి మాత్రం చూడలేదు.

మూడు వీధులు తిరిగాం. మూడో వీధి మలుపులో గోడ మీంచి పిల్లి దూకింది. పుల్ల గాల్లోకి లేచింది. నేను రెండు చేతులా తాడు పట్టుకుని రోడ్డు మీదే చతికిలపడ్డాను. దారిన పోయే ఒకాయన ఆగి, “అంత చిన్న కుక్కకి అంత భయమేంటయ్యా?” అన్నాడు.

“భయమేనండీ,” అన్నాను.

తిరిగి వచ్చేసరికి అక్క గేటు దగ్గర ఉంది. ఎప్పట్నుంచి నిలబడి ఉందో. చేతిలో సూది అలాగే ఉంది, దారం ఎక్కించకుండా. తాడు అందుకుని, నా అరచేతి మీద పడ్డ ఎర్రటి చారలు చూసింది.

“వచ్చే వారం కాస్త పెందలాడే రా. ఎండెక్కితే అది నడవదు,” అంది.

అప్పుడు మాస్టారు లేచారు. ఒళ్లు విరుచుకుని, నెమ్మదిగా మా దగ్గరికి వచ్చి, పుల్ల ఎడమ చెవి నాకారు, కుడి చెవి నాకారు. పక్కనే వేలాడుతూ ఉంది కాబట్టి, నా చెయ్యి కూడా నాకారు.